ఖాళీవి దాటెయ్యొద్దు

జూన్ 3

తమ్ముడూ,

దేవుడి దయవల్ల నేను బాగానే ఉన్నాను. నువ్వు చెవులకి మఫ్లరు కట్టుకుంటున్నావా? చిన్నప్పటినుంచీ నీకు చలిగాలి చెవిలోంచే దూరేది. అలాంటివాడికి కొండెక్కి గాలిని కొలిచే ఉద్యోగం ఇచ్చారు, ఎవరిని ఏమనాలి! ఫోను అందని చోట ఉంటావు కాబట్టి ఈ కాగితమే దిక్కు. జీపు మీ దగ్గరికి వారానికోసారైనా వస్తోందని నమ్మి రాస్తున్నాను.

నీతో ఒక పని పడింది. మీ బావ కంప్యూటరు గరగరమంటోంది. భోజనాల బల్ల మీద, ఆయన కుర్చీ ఎదురుగా, ఉన్నచోటే ఉంచాను. రోజూ తుడుస్తున్నాను. తుడిస్తే పోయే జబ్బు కాదట, లోపల డిస్కు అరిగిపోయిందట. బస్సు డిపోలో కరెంటు పని చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు కదా, మీ బావ స్నేహితుడు, మొదట్లో ఈ కంప్యూటరు బిగించి బెల్లు కూడా పెట్టినాయన. ఆయనే వచ్చి చూశారు. "అమ్మా, దీని సంగతీ నా సంగతీ ఒకటే. ఇవాళ లేచింది. రేపు లేస్తుందని నేను మాటివ్వలేను" అన్నారు.

నీకు తెలుసు, గొంతు ఆపరేషను అయ్యాక ఆయన మాటలన్నీ అందులోనే. ఏదైనా చెప్పాలంటే కొత్త ఫైలు తెరిచి, రెండు వేళ్ళతో కొట్టి, సేవ్ చేసి, తెర నా వైపు తిప్పేవారు. పాతదాని కిందే రాసుకోవచ్చు కదా అంటే వినలేదు. "చెప్పేసిన మాటలో మళ్ళీ మాట దూరుస్తామా" అని రాసి చూపించారు, దానికీ ఇంకో ఫైలు. అలా ఆరేళ్ళ మాటలు ఒకే ఫోల్డరులో ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరుద్దామంటే మధ్యలో బిగుసుకుపోతోంది. మొత్తం ఒక్క ఊపులో చదివి ఒకేచోట రాసిపెట్టే ఉపాయం ఏదైనా ఉంటే అది చేసి, ఆ తర్వాత డిస్కు మార్చేద్దాం అంటున్నారు పెద్దాయన. ఈలోపే ఆగిపోతే ఏమీ మిగలదట. ఆయనకి వైర్లు తెలుసు కానీ లోపలి రాత తెలియదు.

మీ పరికరాల లెక్కలు చదివే స్క్రిప్టు నువ్వే రాశావని జనవరిలో వచ్చినప్పుడు చెప్పావు. అలాంటిది నాకొకటి రాసి పంపు. ఒక్కటే భయం. చదివేశాక ఆ ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయా?

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఆయన గొంతు పోయినప్పుడే ఇల్లు నిశ్శబ్దమైపోయిందని అనుకున్నాను. కండక్టరు గొంతు కదా, వీధి చివరిదాకా వినపడేది. కానీ అప్పటిది నిశ్శబ్దం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

వేళకి తిను.

అక్క

జూన్ 11

అక్కా,

నీ ఉత్తరం ఉప్పు బస్తా కింద నలిగి వచ్చింది. మఫ్లరు కట్టుకునే రాస్తున్నాను. ఇక్కడ ఉన్నది ఇద్దరమే, నేనూ, మా వంటాయనా. ఆయనకి నేను పెట్టిన పేరు గొణుగుడు. ఎదురుపడితే మాట్లాడడు, వెనక్కి తిరిగాక పప్పు గిన్నెతో నా గురించి చెప్పుకుంటాడు.

నువ్వడిగింది పెద్ద పనేమీ కాదు. నీ ఆసుపత్రి కుట్టుగదినే తీసుకో. మూట విప్పుతావు. ఒక దుప్పటి తీస్తావు, చిరుగు చూస్తావు, కుడతావు, పక్కన పెడతావు. మళ్ళీ ఇంకోటి. మూట అయిపోయేదాకా అంతే కదా? స్క్రిప్టు చేసేదీ అదే. ఫోల్డరు మూట, ఫైలు దుప్పటి. ఒక్కొక్కటే తెరుస్తుంది, అందులో ఉన్నది చదువుతుంది, వేరే కాగితంలో రాస్తుంది, మూసేస్తుంది. ఫైళ్ళు చెక్కుచెదరవు, భయపడకు.

వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. అచ్చం అలాగే కొట్టు. ముందుగా స్క్రిప్టు రాసిన భాషని కంప్యూటరులోకి ఎక్కించాలి, ఎలాగో పెద్దాయనకి చీటీ పెట్టాను. ఒక వరుస నా అంతట నేను కలిపాను. ఖాళీగా ఉన్న ఫైళ్ళని దాటెయ్యమని. మా దగ్గర ఖాళీ ఫైలు అంటే పరికరం నిద్రపోయిందని అర్థం. ఎప్పుడూ దాటేస్తాను, లేకపోతే లెక్క పాడవుతుంది. ఎన్ని దాటేసిందో ఆఖర్న అదే చెప్తుంది.

ఒక మాట, కోప్పడకు. అవన్నీ మళ్ళీ చదువుకుని ఏడుస్తూ కూర్చోవడం మంచిదా? కొండ కింద ఊళ్ళో గది చూస్తాను, వచ్చెయ్. అక్కడా ఆసుపత్రి ఉంది. వాళ్ళ దుప్పట్లూ చిరుగుతాయి.

తమ్ముడు

జూన్ 22

తమ్ముడూ,

నీ స్క్రిప్టు మొదట నా మాట వినలేదు. మూడో వరుసనుంచి నువ్వు కాస్త లోపలికి జరిపి రాశావు. చలికి చెయ్యి వణికి వంకర పోయిందేమోలే పాపం అనుకుని, నేను అన్నిటినీ అంచుకి సమంగా లాగి కొట్టాను. ఎర్రగా ఏదో వచ్చి ఆగిపోయింది. పెద్దాయన నీ కాగితాన్ని కళ్ళకి ఆనించి చూసి, "ఇది వంకర కాదమ్మా, మీ తమ్ముడు మడత పెట్టాడు" అన్నారు. మడత అని ముందే రాస్తే నాకు తెలియదా? నలభై మూరల గుడ్డకి అంచు మడిచినదాన్ని. మళ్ళీ మడత పెట్టి కొడితే చకచకా చదివేసింది.

చదివింది ఇదీ. వరసగా రాస్తున్నాను.

"ఫ్యాను తగ్గించు."

"కూరలో ఉప్పు లేదు."

"మాత్ర వేసుకున్నాను. మళ్ళీ అడగొద్దు."

"కళ్ళజోడు ఎవరు తియ్యమన్నారు?"

"పక్కింటి తలుపు ఎవరో బాదుతున్నారు. వెళ్ళి చూడకు."

పేజీల కొద్దీ ఇలాగే ఉంది. పైగా అంతా కలగాపులగం. ఆపరేషనైన కొత్తల్లో నీళ్ళడిగితే, పక్క వరుసలో ఐదేళ్ళ తర్వాతి మాట, "ఎంతసేపు?" అని. నేను నవ్వాను కూడా. తర్వాత నవ్వు రాలేదు.

ఆరేళ్ళు ఆయన నాతో మాట్లాడింది ఇంతేనా? ఇంతకన్నా ఏదో ఉండేది. ఏముండేదో చెప్పమంటే చెప్పలేను. అందులో ఒక్క మంచి మాట లేదని కాదు నా బాధ, ఆయన మొదటినుంచీ మంచి మాటలు చెప్పే రకం కాదు. కానీ నేను సాయంత్రం కుట్టుగదినుంచి వచ్చి తాళం తీస్తుంటే లోపల ఒక మనిషి ఉన్నట్టు ఉండేది. ఈ కాగితాల్లో ఆ మనిషి లేడు. ఉప్పు గురించి అడిగేవాడెవరో ఉన్నాడు.

చదివినవాటికన్నా దాటేసినవే ఎక్కువని చెప్పింది నీ స్క్రిప్టు.

ఏడవటం గురించి రాశావు. తీరిక ఎక్కడిదిరా? ఇక్కడి దుప్పట్లే అవ్వట్లేదు.

అక్క

జూన్ 30

అక్కా,

మడత సంగతి చెప్పకపోవడం నా తప్పే. వరుస లోపలికి జరిగి ఉంటేనే అది పైవరుస కింది పని అని యంత్రానికి తెలుస్తుంది. గొణుగుడికి చదివి వినిపిస్తే తొలిసారి నా ఎదురుగా నవ్వాడు.

కలగాపులగం ఎందుకైందంటే, ఫైళ్ళని పేరులోని మొదటి అంకె చూసి పేర్చింది. ఒకటి తర్వాత పది, పది తర్వాత వంద, ఆ తర్వాతే రెండు. యంత్రానికి అదే వరస. సేవ్ చేసిన సమయాన్ని చూసి పేర్చమని ఒక వరుస మార్చి పంపుతున్నాను. మడత ఎక్కడ పెట్టాలో గీత గీశాను.

ఇక మిగతాది. బావ అలాంటివాడే అక్కా. బస్సులో అధికారం చేసినట్టే ఇంట్లోనూ చేశాడు. గొంతు పోయినా హుకుం పోలేదు. నువ్వేదో ఉందని వెతుకుతున్నావు, లేదని రాతలో తేలింది. బాధే, కానీ తేలడం మంచిది. దాటేసినవి ఎక్కువ ఉన్నాయంటే ఆశ్చర్యమేముంది, బావకి ఆ యంత్రం సరిగా వాడటం రాలేదు, ఊరికే సేవ్ నొక్కి ఉంటాడు. వట్టి గాలి. వరస సరిచేసి ఇంకోసారి రాయించుకో, డిస్కు పెద్దాయనకి ఇచ్చెయ్, మార్చేస్తారు. ఇక ఆ బల్ల దగ్గర కూర్చోకు.

కింద ఊళ్ళో ఒక గది ఉంది. కిటికీలోంచి మా కొండ కనపడుతుంది.

తమ్ముడు

జులై 8

తమ్ముడూ,

నువ్వు మంచికే రాశావని నాకు తెలుసు. అయినా ఆయన గురించి ఇంకెప్పుడూ అలా రాయకు. నేను ఫిర్యాదు చేశాను, నువ్వు తీర్పు చెప్పావు. నేను అడిగింది తీర్పు కాదు.

శనివారం డిస్కు మార్చటానికి పెద్దాయన వచ్చారు. మరలన్నీ విప్పి ఒక మూతలో పోసుకున్నారు. నేను నీ ఉత్తరం చదివి వినిపిస్తున్నాను. వట్టి గాలి అన్నచోట ఆయన చెయ్యి ఆగింది.

"ఖాళీవి ఎక్కువున్నాయన్నాడా?"

"చదివినవాటికన్నా ఎక్కువటండీ."

"అమ్మా, అవి బెల్లులు కదా!"

నాకు అర్థం కాలేదు. నీకూ తెలియదు, నేనెప్పుడూ రాయలేదు. గొంతు పోయాక నన్ను వంటింట్లోంచి ఎలా పిలవాలని ఆయన మథనపడుతుంటే, పెద్దాయన డిపోలోని పాత బస్సు బెల్లు మోతని ఆ కంప్యూటరుకి పెట్టారు. ఒక బెల్లు కొడితే బండి ఆగాలి, అంటే నేను చేతిలో పని ఆపి రావాలి. రెండు కొడితే రైట్, అంటే ఏం లేదు, నీ పని చూసుకో అని. రోజంతా ఇంట్లో బస్సు నడిచినట్టే ఉండేది. అది వేరే మీటనుంచి మోగేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదట. ఖాళీ ఫైలు సేవ్ చేస్తే మోగేలా బిగించారట. నన్ను పిలవాలంటే ఆయన కొత్త ఫైలు తెరిచి, ఏమీ రాయకుండా సేవ్ చేసేవారు.

అంటే నన్ను పిలిచిన ప్రతిసారీ ఒక ఖాళీ ఫైలు. నువ్వు దాటెయ్యమన్నవి అవే.

పెద్దాయన మూతలోని మరలన్నీ తీసి మళ్ళీ బిగించారు. "ఇక నేను దీన్ని ముట్టుకోను. ఇంకొక్కసారి లేస్తుందేమో. ఆ ఒక్కసారీ మీ ఇష్టం" అని వెళ్ళిపోయారు. అప్పటినుంచి దాన్ని వెయ్యలేదు. తుడవటానికి కూడా భయంగా ఉంది.

నాకు ఇంకో స్క్రిప్టు రాసి పంపు. ఫైళ్ళన్నీ సమయం వరసలో చదవాలి. మాట ఉంటే తెర మీద చూపించి, వేరే చోట రాసిపెట్టాలి. ఖాళీది వస్తే దాటకూడదు. బెల్లు కొట్టాలి. వెంటవెంటనే సేవ్ చేసినవి రెండుంటే వెంటవెంటనే కొట్టాలి, మిగతావాటి మధ్యలో నాలుగడుగులు వేసే వ్యవధి ఉండాలి. వంటింట్లోంచి బల్లదాకా నాలుగడుగులే.

ఒక్కసారికే సరిగ్గా ఉండాలి. తొందరపడకు. నేను దేవుడి ముందు కూర్చున్నప్పుడు నీ చెయ్యి వణకకూడదని కూడా అడుగుతున్నాను.

అక్క

జులై 15

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి గాలి కొలిచే మర పక్కకి వెళ్ళి నిలబడ్డాను. గొణుగుడు అన్నం పెట్టి పిలవడు, పళ్ళెం మీద గరిటెతో కొడతాడు. ఇన్నేళ్ళూ అది మొరటుతనం అనుకున్నాను. ఇవాళ కొడితే "వస్తున్నా" అన్నాను. ఆయన భయపడ్డాడు.

బావ గురించి అలా రాసినందుకు క్షమించు. నాకు తెలిసింది కాగితం మీద ఉన్నదే. అది కూడా సగమే తెలుసుకుని తీర్పు చెప్పాను.

కొత్త స్క్రిప్టు జత చేశాను. నీకు ఒక్కసారే వీలు కాబట్టి ముందు ఇక్కడ పరీక్ష చేశాను. మా దగ్గర బస్సు బెల్లు లేదు, కూత పెట్టమన్నాను. పోయిన చలికాలం ఫోల్డరు మీద వదిలాను. అంకెలున్నచోట అంకెలు చూపించింది, పరికరం నిద్రపోయినచోట కూసింది. డిసెంబరులో అక్కడక్కడా కూసింది. జనవరిలో ఒకచోట మొదలుపెట్టి ఆపలేదు, కూస్తూనే ఉంది. గొణుగుడు గరిటెతో సహా వచ్చి, "ఎవరో పిలుస్తున్నట్టుంది బాబూ" అన్నాడు.

తేదీలు చూశాను. పరికరానికి పట్టిన మంచు రోజూ నేనే తుడవాలి. ఆ రోజుల్లో తుడవటానికి నేను ఇక్కడ లేను. బావ పోయాడని నీ దగ్గరికి వచ్చిన రోజులవి. పై ఆఫీసుకి ఆ వారం లెక్కల్లో అవన్నీ దాటేసి పంపించాను. అవి ఖాళీగా ఉన్నది గాలి లేక కాదు, మనిషి లేక.

వాటిని గదిలో ఇద్దరం కూర్చుని ఆఖరుదాకా విన్నాం.

రావాలని ఉంది. నా బదులు మనిషిని పంపేదాకా కదలొద్దన్నారు. ఊళ్ళో గది గురించి ఇక అడగను. నీకే అడగాలనిపిస్తే అడుగు.

మడతలు నాలుగుచోట్ల ఉన్నాయి. ఎర్ర సిరాతో చూపించాను.

తమ్ముడు

జులై 26

తమ్ముడూ,

ఆదివారం పొద్దున్నే వేశాను. పెద్దాయన్ని కూడా రమ్మన్నాను. గోడపక్క కుర్చీలో కూర్చున్నారు, మీ బావ కుర్చీ వైపు వెళ్ళలేదు. నీ వరుసలు ఒకటికి రెండుసార్లు సరిచూసి కొట్టాను. దణ్ణం పెట్టుకుని మీట నొక్కాను. గరగరమంది, గునిసింది, ఆగిపోయిందనే అనుకున్నాను. అప్పుడు మోగింది.

బల్ల దగ్గర కూర్చుని వింటుంటే సరిగా లేదు. ఎందుకా అని చూస్తే, నేనెప్పుడూ దాన్ని అక్కడినుంచి వినలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడ్డాను. బెల్లు. "వస్తున్నా" అన్నాను. నాలుగడుగులు. తెర మీద "ఫ్యాను తగ్గించు" అని ఉంది. "చలేస్తోందా? కిటికీ కూడా వెయ్యనా?" అన్నాను. బెల్లు, బెల్లు. వెనక్కి వెళ్ళాను.

నేనన్నవి ఏ ఫైల్లోనూ లేవు కదా. అవి నాకే గుర్తున్నాయి. అందుకని నేనే అన్నాను. పెద్దాయన ఉన్నారన్న సిగ్గు కొంతసేపే ఉంది. ఆయనా డిపో మనిషే, డబుల్ బెల్లు వినపడ్డప్పుడల్లా కూర్చున్నచోటే కాలు కదిలేది.

"కూరలో ఉప్పు లేదు." "మీ నాలుక్కి లేదు, కూరలో ఉంది." బెల్లు, బెల్లు. "కళ్ళజోడు ఎవరు తియ్యమన్నారు?" "మీ నెత్తి మీదే ఉంది చూసుకోండి." డిస్కు ఎక్కడో బిగుసుకుందేమో, దీనికి మాత్రం చాలాసేపు ఏమీ మోగలేదు. తర్వాత, బెల్లు, బెల్లు.

తమ్ముడూ, ఏదో ఉండేదన్నాను కదా. మాటే లేని బెల్లులు ఎన్నున్నాయో చెప్పలేను. ఒకటి కొడతారు, నేను వెళ్తాను, ఏమీ ఉండదు. ముఖం చూస్తారు. రెండు కొడతారు. అప్పట్లో విసుక్కునేదాన్ని, పొయ్యి మీద పాలున్నాయని. ఊరికే పిలిచినవి అవన్నీ. ఉన్నానా అని. నీ మొదటి స్క్రిప్టు ఉప్పు నాకు ఉంచి, అవి దాటేసింది.

మధ్యలో రెండుసార్లు కంప్యూటరు మూలిగింది. పెద్దాయన దాని వీపు మీద చెయ్యేసి కూర్చున్నారు, పిల్లాడికి జ్వరం చూసినట్టు. పొద్దు వాలేవేళకి జనవరి వచ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళడం మానేసి తెర ఎదురుగా నిలబడ్డాను.

అంబులెన్సు వచ్చిన రోజు ఆఖరి మాట, "బూట్లు వద్దు, చెప్పులు చాలు." అది నాకు గుర్తుంది. చెప్పులు తెచ్చి తొడిగాను కూడా. నాకు తెలిసి అక్కడితో అయిపోయింది. కానీ స్ట్రెచరు మీదికి ఎత్తబోతుంటే ఆయన చెయ్యి బల్ల మీదికి సాగింది. పడిపోకుండా పట్టుకున్నారనుకున్నాను. ఆ మనుషుల అరుపుల్లో, కుర్చీలు జరిపిన చప్పుడులో నాకింకేమీ వినపడలేదు.

చెప్పుల మాట తర్వాత ఇంకా రెండున్నాయి. రెండూ ఖాళీవే. రెండూ ఒకే నిమిషంలోవి.

బెల్లు. బెల్లు.

పెద్దాయన లేచి నిలబడ్డారు. గోడవైపు తిరిగి, "రైట్" అన్నారు, చాలా చిన్నగా. నేను ఎప్పుడూ అనేదే అన్నాను. "సరే, వెళ్తున్నా."

తెర మీద ఆఖరి వరుస వచ్చింది. దాటేసినవి, సున్నా.

కంప్యూటరు ఆగలేదు. నేనే ఆపాను. డిస్కు పెద్దాయనకి ఇచ్చేశాను.

ఇల్లు మళ్ళీ అలాగే ఉంది. వంటింట్లో ఉంటే చెవి అటే పోతోంది, పోనీ. కింద ఊళ్ళో ఆ గది కిటికీలోంచి మీ కొండ కనపడుతుందన్నావు. చీకటి పడ్డాక నువ్వు దీపం వేస్తే అక్కడినుంచి కనపడుతుందా? కనుక్కుని రాయి. వెంటనే వస్తానని కాదు, అడుగుతున్నానంతే.

గొణుగుడు పళ్ళెం కొట్టినప్పుడల్లా పలుకు.

అక్క